బియ్యం డబ్బాలో బ్యాటరీ

మావాడికి పడవల పిచ్చి పట్టింది. థర్మోకోలు చెక్కి, మోటారు బిగించి, రిమోటుతో నడిచే పడవ ఒకటి తయారుచేశాడు. చదువుకునే వయసులో ఇదేం పని అని నేను కసిరిన మాట నిజమే. ఎడపల్లి చెరువులో అది మొదటిసారి గిర్రున తిరిగినప్పుడు గట్టుమీద అందరికంటె ముందు చప్పట్లు కొట్టిందీ నేనే.

మూడోనాడు పడవ మునిగింది. దాన్ని అందుకోబోయి వీడు నడుములోతు దిగాడు. చేతిలోని రిమోటు కూడా స్నానం చేసింది.

ఇక వైద్యం నా చేతిలో పడింది. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి బ్యాటరీలతో ఏం పని అనకండి. తండ్రి అన్నవాడు తనకు తెలియదని ఒప్పుకోడు గదా! రిమోటులోవి నికెల్ సెల్లులు, ఒక్కొక్కటి 1.2 వోల్టులు. తుడిచి ఎండబెట్టి, చిలుం పట్టిన కొసలను గరుకు కాగితంతో రుద్దితే బతికాయి. దాంతో నాకు గర్వం వచ్చింది. పడవలోని పెద్ద బ్యాటరీ వేరే జాతిది: లిథియం పాలిమర్, మూడు సెల్లులు కలిపి 11.1 వోల్టులు. మా ఆవిడ వద్దంటున్నా దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. బియ్యం తేమను పీలుస్తుందని ఎక్కడో విన్నాను మరి.

రెండు రోజులకు పైకి తీసి, "ఇక చార్జింగు పెట్టరా" అన్నాను.

"వద్దు బాపూ, ఒకసారి ఎవరికన్నా చూపిద్దాం" అన్నాడు.

పదిహేనేళ్ళవాడు నాకు చెప్పేదేమిటని కోపం వచ్చింది. అయినా వాడి పోరు పడలేక బోధన్ బస్సెక్కాం.

రిపేరు కొట్టు అతని తండ్రి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరట. 2015లో అది మూతపడ్డాక కొడుకు ఈ కొట్టు పెట్టుకున్నాడు. బ్యాటరీ పైతొడుగును మెల్లగా కోశాడు. లోపల ఇంకా తడి!

"బియ్యం దీని కింది తడిని ఎట్ల పీలుస్తది సార్?" అన్నాడు.

తీగల మొనల దగ్గర ఆకుపచ్చటి పొడి. స్పిరిట్టుతో తుడిచి, మీటరు పెట్టి ఒక్కొక్క సెల్లునూ కొలిచాడు. 3.8, మళ్ళీ 3.8, మూడోది 1.4.

"తీగ పోతే అతుకుత సార్. సెల్లు పోతే అతుకు లేదు."

ఇలాంటి సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3కు దిగువకు పోనివ్వకూడదు. మొనల మధ్య నిలిచిన తడి ఆ ఒక్క సెల్లునూ మెల్లమెల్లగా ఖాళీ చేసింది. అంత అడుగంటితే లోపలి రాగిరేకు కరుగుతుంది. మళ్ళీ చార్జింగు పెడితే ఆ రాగి పేరుకొని లోపలే రెండు ధ్రువాలనూ కలపవచ్చు. తరువాతది మంటే.

"ఇంట్ల చార్జింగు ఎక్కడ పెడతరు సార్?"

"వీడి మంచం పక్కన."

అతను మావాడి వంక చూశాడు, ఏమీ అనలేదు. నేను మాత్రం అక్కడున్న స్టూలుమీద కూర్చున్నాను.

మిగతా రెండు సెల్లులైనా పనికొస్తాయా అని అడిగాను. పొదుపు బుద్ధి ఎక్కడికి పోతుంది? నీళ్ళలో నానినవాటిని తాను నమ్మనన్నాడు. 2022 నిబంధనల ప్రకారం ఇవి చెత్తబుట్టలో వేయరాదు. ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టుకుని, సేకరించేవాళ్ళకు ఇస్తానన్నాడు. చూసినందుకు డబ్బు తీసుకోలేదు.

కొత్త బ్యాటరీకి సొమ్ము నేనే ఇచ్చాను. ఇంటికి రాగానే మా ఆవిడ డబ్బా నా ముందు పెట్టి, "ఈ పది కిలోల బియ్యం ఏం చెయ్యమంటారు?" అంది. మావాడు అప్పటికే చార్జరును మంచం దగ్గరనుంచి తీసి వసారాలో గచ్చుమీద పెడుతున్నాడు.