చోడవరం చెరకు, రాంబిల్లి ఇసుక

చోడవరం అనగానే గుర్తొచ్చేవి స్వయంభూ వినాయకుడు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ. 2022 ఏప్రిల్‌లో ఊరు విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ తీరు మారలేదు. సంక్రాంతి దాటితే చెరకు నరుకుళ్లు, గానుగలు, పెనంలో కుతకుతమనే పాకం. ఇక్కణ్నుంచి సముద్రం కనబడదు. కానీ ఈ పొలాల్ని తడిపే శారదా నది అనకాపల్లి, యలమంచిలి మీదుగా వెళ్లి రాంబిల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ బెల్లం వండే రోజుల్లోనే అక్కడి తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. చోడవరం వాళ్లకు ఈ సంగతి పెద్దగా పట్టలేదు.

నీళ్లలో బతికే జీవి బిడ్డల కోసం నేలకెక్కడం మన దగ్గరే జరిగే వింత కాదు. బ్రిటన్ తీరాల్లో బూడిదరంగు సీల్ కూడా ఒడ్డునే ఈనుతుంది. కాకపోతే ఆ తల్లి తెల్లబొచ్చు కూనకు మూడు వారాల దాకా పాలిస్తుంది. మన తాబేలుకు అంత తీరిక లేదు, గంటలో పని ముగించుకుని వెళ్లిపోతుంది. సీళ్లు తరిగిపోతున్నాయని బ్రిటన్ 1914లోనే చట్టం చేసింది. మన తాబేలుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. కాగితం మీద.

తాబేలు వచ్చిన జాడ తెల్లవారుజామున పట్టాలి. ఇసుకలో ట్రాక్టరు టైరు నడిచినట్టు గీతలుంటాయి. వెనక కాళ్లతో కూజా ఆకారంలో మూరెడు గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేస్తుంది. ఆపైన దిమ్మిస కొట్టినట్టు ఒంటితో అటూ ఇటూ మోది నేల చదును చేస్తుంది. అంత జాగ్రత్త పడినా కుక్కలు, నక్కలు పసిగడతాయి. అందుకే అటవీశాఖ, జాలరి కుర్రాళ్లు కలిసి గుడ్లు ఏరి, హేచరీలో అదే లోతున పాతిపెడతారు. తొందరగా తీయాలి, దొర్లించకూడదు. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. ఎండలు ముదిరే కొద్దీ ఈ లెక్క ఎటు పోతుందోనన్నది నా బెంగ.

హేచరీలు మంచివే. అసలు నష్టం మాత్రం ఒడ్డున కాదు, నీళ్లలో. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కితే మునిగి చస్తుంది. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. తాబేళ్లు జనవరి నుంచే తీరం చేరతాయి. ఈ రెండు తేదీల మధ్య ఎడమే చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్లుగా మనకు కనిపిస్తుంది. పైగా తీరం వెంట దీపాలు. పిల్లలు పుట్టగానే వెలుగున్న వైపు పాకుతాయి. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలు రాత్రంతా మెరుస్తుంటాయి.

నలభై అయిదు రోజులు దాటాక హేచరీ గుంట మీద ఇసుక కాస్త కుంగుతుంది. అది చూసిన కుర్రాడు మారుమాట లేకుండా బుట్ట తేవడానికి పరిగెడతాడు.