పెడల్ కదలకుండా వెనక్కి: కొల్లూరు నుంచి సంగారెడ్డి దాకా

ఆదివారం పొద్దున్నే నేనూ మా మేనల్లుడూ కొల్లూరులో బయల్దేరాం. అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఒక కొస అక్కడే. 2023 అక్టోబరులో తెరిచిన ఆ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. ట్రాక్ మీదికొచ్చినవాళ్లంతా నగరం వైపు సాగిపోతుంటే మేం ముత్తంగి వైపు తిరిగాం. ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి చేరాలన్నది మా లెక్క.

నాది మామూలు గేర్ల సైకిల్. వాడిది 20 అంగుళాల చక్రాల బీఎంఎక్స్. దాని వెనక హబ్బులో ఫ్రీకోస్టర్ అనే ఏర్పాటు ఉంది. బండి వెనక్కి దొర్లుతున్నా పెడళ్లు కదలకుండా ఉండటం దాని ప్రత్యేకత. ఎందుకు కదలవో వాడు ఫోన్లో ఎంత చెప్పినా నాకు తలకెక్కలేదు. దారి పొడవునా చూపిస్తానని బయల్దేరదీశాడు.

సర్వీసు రోడ్డు పక్కన సైకిళ్లు ఆపి మొదట నా బండిని వెనక్కి తోయమన్నాడు. తోశాను. పెడళ్లు కూడా వెనక్కి తిరిగాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఎందుకని మాత్రం ఎప్పుడూ అడగలేదు. మామూలు సైకిల్ వెనక చక్రానికుండే ఫ్రీవీల్ లోపల పళ్లుంటాయి, వాటికి ఆనుకుని స్ప్రింగు మీద చిన్న కొక్కేలుంటాయి. ముందుకు తొక్కితే కొక్కేలు పళ్లను పట్టుకుంటాయి. తొక్కడం ఆపితే టిక్ టిక్ మంటూ జారతాయి. చక్రం వెనక్కి పోతే మళ్లీ పట్టుకుంటాయి.

"చక్రం వెనక్కి పోయినా, పెడల్ ముందుకు తొక్కినా ఫ్రీవీల్‌కు రెండూ ఒకటే మామా. దానికి తేడా తెల్వది," అన్నాడు.

పటాన్‌చెరులో టీ తాగుతుంటే ఆ మాటకు సాక్ష్యం ఎదురుగానే కనిపించింది. ఒకతను ఇనుప తుక్కు నింపిన మూడు చక్రాల తొక్కుడు బండిని సందులోంచి వెనక్కి లాగుతున్నాడు. చక్రాలతో పాటే పెడళ్లు గిర్రున తిరుగుతున్నాయి. అతను కాళ్లు దూరంగా పెట్టి, ఒంటిని పక్కకు వంచి లాగుతున్నాడు. "దగ్గరికి పోతే పెడల్ మోకాలి కింద కొడతది సార్. అలవాటైంది," అన్నాడు. 1970ల నుంచి ఫ్యాక్టరీలు వెలుస్తూ వచ్చిన ఈ పట్టణంలో లారీలు పట్టని సందుల్లోకి సరుకు మోసేది ఇలాంటి బండ్లే. వెనక్కి పోవడమనేది ఆటగాళ్లకే కాదు, వీళ్లకూ రోజువారీ పనే.

సర్కస్ సైకిళ్లూ, ఐరోపాలో పోటీలు జరిగే కళాత్మక సైక్లింగ్ బండ్లూ వేరే దారి పట్టాయి. వాటిలో ఫ్రీవీల్ అసలు ఉండదు. పళ్ల చక్రం హబ్బుకు బిగించే ఉంటుంది. వెనక్కి పోవాలంటే పెడల్ వెనక్కి తొక్కాల్సిందే. పట్టు పూర్తిగా మనిషి కాళ్లలోనే ఉంటుంది, కాళ్లకు విశ్రాంతి మాత్రం ఉండదు. ఒకే చోట బండిని గిరగిరా తిప్పుతూ విన్యాసాలు చేసే ఫ్లాట్‌లాండ్ కుర్రాళ్లకు కావాల్సింది కదలని పెడళ్లు. 1980లలో వాళ్లు వెనక్కి తొక్కితే బ్రేకు పడే కోస్టర్ హబ్బులను విప్పి, లోపలి బ్రేకు భాగాలు తీసేసి, తమకు కావాల్సినట్టు మార్చుకున్నారు. ఫ్రీకోస్టర్ అలా పుట్టింది. తర్వాత కంపెనీలే నేరుగా చేసి అమ్మడం మొదలుపెట్టాయి.

ఇస్నాపూర్ దాటే ముందు ఒక లేత్ షాపు తెరిచి ఉంది. బీఎంఎక్స్ చూసి అందులోని పెద్దాయన తనే బయటికొచ్చాడు. వెనక్కి తోసి చూశాడు. "పెడల్ తిరుగుతలేదేంది? ఫ్రీవీల్ ఖరాబైందా?" అన్నాడు. మా వాడు ఫోన్లో హబ్బు విప్పిన బొమ్మ చూపించాడు. చైను తిప్పే భాగానికి లావు మర ఉంటుంది. ఆ మర మీద నట్టులా ఒక క్లచ్చు కూర్చుని ఉంటుంది. తొక్కితే క్లచ్చు మర మీద పక్కకు జరిగి హబ్బు గోడలోకి బిగుసుకుంటుంది, చక్రం కదులుతుంది. తొక్కడం ఆపితే ముందుకు పోతున్న హబ్బే దాన్ని వదులు చేస్తుంది.

పెద్దాయన కాసేపు చూసి, "అంతా బాగుంది గని, నట్టు బోల్టుతో పాటే తిరిగితే పక్కకెట్ల జరుగుతది? దాన్నెవరో పట్టుకోవాలె గద," అన్నాడు.

విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. క్లచ్చును కొద్దిగా బిగబట్టే స్ప్రింగు ఆనుకునేది తిరిగే హబ్బుకు కాదు, కదలని ఇరుసుకు. అందుకే చక్రం వెనక్కి తిరిగినా క్లచ్చుకు ఆ సంగతే పట్టదు. మనం పెడల్ ముందుకు తొక్కితేనే అది కదులుతుంది. ఫ్రీవీల్ చక్రాన్ని చూసి పనిచేస్తే, ఫ్రీకోస్టర్ ఇరుసును చూసి పనిచేస్తుంది.

క్లచ్చుకూ హబ్బు గోడకూ మధ్య ఉండే సందు గురించి కూడా ఆయనే అడిగాడు. సందు తక్కువైతే వెనక్కి పోతున్నప్పుడు కాలు కాస్త ముందుకు కదిలినా క్లచ్చు పట్టేసుకుని పెడల్ తంతుంది. ఎక్కువైతే మళ్లీ ముందుకు పోవాలన్నప్పుడు పెడల్ కొంత దూరం ఖాళీగా తిరిగాకే చక్రం అందుకుంటుంది. కొన్ని హబ్బుల్లో ఆ సందును సరిచేసేది పల్చటి వాషర్లే. "వాషరేనా? గంటల తీసిస్త," అన్నాడాయన. ఆయన ధీమాలో అతిశయమేమీ లేదు. ఎద్దుమైలారంలో సైనిక వాహనాలు, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు, సదాశివపేట దగ్గర టైర్లు తయారయ్యే ప్రాంతమిది.

రుద్రారం దాటాక లారీల రద్దీ పెరిగింది. 65వ నంబరు జాతీయ రహదారి మీద సైకిల్‌తో ఆటలు పనికిరావు. 2008లో ఎద్దుమైలారంలో మొదలై తర్వాత సొంత ప్రాంగణానికి మారిన ఐఐటీ ఉన్నది కందిలోనే. అక్కడికి కాస్త అవతల ఇళ్లింకా లేవని ఒక వెంచరులోకి తిరిగాం. సిమెంటు రోడ్డు, కొద్దిపాటి వాలు. మా వాడు వాలు పైకి కాస్త ఎక్కి, బండిని ఆగనిచ్చి, వెనక్కి వదిలాడు. పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా అలాగే నిలబడ్డాయి. భుజం మీదుగా వెనక్కి చూస్తూ వచ్చి, ముందు చక్రం విసురుగా తిప్పి బండిని మళ్లించాడు.

నేనెక్కితే తెలిసింది, కాళ్లు తేలికపడ్డా చేతుల మీద భారం పడుతుందని. ముందుకు పోయేటప్పుడు తనంతట తాను నిటారుగా నిలిచే ముందు చక్రం, వెనక్కి పోయేటప్పుడు అడ్డం తిరగాలని చూస్తుంది. "హ్యాండిల్ గట్టిగ పట్టకు మామా, మెల్లగ సరిచెయ్యి," అని వాడు పక్కన నడుస్తూనే ఉన్నాడు. పాదాలు కదలకుండా వీపు వైపు దొర్లడం మొదట భయపెట్టింది, తర్వాత నవ్వు తెప్పించింది.

పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర సంగారెడ్డి ఊళ్లోకి తిరుగుతుండగా, తుక్కు బండి అతనికి ఇది పనికొస్తుందా అని అడిగాను. పనికిరాదన్నాడు. బరువుతో ఆగిన బండిని కదిలించేటప్పుడు పెడల్ ఖాళీగా తిరిగితే ఒళ్లు హూనమవుతుంది. బరువుకు వెంటనే పట్టుకునే కొక్కేల ఫ్రీవీలే సరి.

నా తీర్పూ అదే. ఆఫీసుకు పోయేవాళ్లకు, బరువులు మోసేవాళ్లకు, ఊళ్లు తిరిగేవాళ్లకు ఫ్రీకోస్టర్ అక్కర్లేదు. విన్యాసాలు నేర్చుకునే కుర్రాళ్లకే అది సొమ్ము పెట్టదగ్గ వస్తువు. ముచ్చట పడితే ముందే హబ్బు కొనకండి. చేతి బ్రేకులు బాగున్న పాత సైకిల్‌కు చైను తీసేసి, తలకు హెల్మెట్ పెట్టుకుని, బండ్లు రాని చోట చిన్న వాలు మీద వెనక్కి దొర్లి చూడండి. అందులో సరదా దొరికితే అప్పుడు హబ్బు సంగతి ఆలోచించండి.