పాత కారు, వెనక బ్రేకులు, మా ఇంటి లెక్క

చింతూరులో కారు బ్రేకుల ఖర్చు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి మారేడుమిల్లి ఘాట్, రెండోది శబరి నది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్నింది. అంత వరద రాని ఏడు కూడా వానాకాలం రోడ్ల మీద బురద తప్పదు. అది వెనక బ్రేకు డ్రమ్ముల్లో చేరితే ఓ పట్టాన బయటికి రాదు. లైనర్లనూ డ్రమ్ము లోపలి అంచునూ సానరాయిలా అరగదీస్తుంది.

మాది పాత ఆల్టో. పదిహేనేళ్లు నిండి ఆర్సీ పొడిగించాల్సి వచ్చినప్పుడు, ఉంచాలా అమ్మాలా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. అయినా, అమ్మితే వచ్చే డబ్బు కొత్త కారు డౌన్ పేమెంటుకు కూడా చాలదు. ఆపైన ఏళ్ల తరబడి వాయిదాలు. ఉంచుకుందామనుకున్నాం. కాకపోతే కట్టక్కర్లేని ఆ వాయిదాలో కొంత నెలనెలా పక్కన పెట్టాలని, అందులో మొదటి హక్కు బ్రేకులదని మా ఆవిడ పట్టుబట్టింది. అరుగుదలకు బీమా పైసా ఇవ్వదు కాబట్టి ఆమె మాటే సరైనది.

హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగినా బండి వాలులో జారుతోందంటే వెనక బ్రేకు షూలు చూసుకోవాలి. వాటిని మార్చే కూలి నిజానికి పెద్దదేం కాదు. భద్రాచలంలోని మెకానిక్ షెడ్డుకు వెళ్లి రావడానికయ్యే పెట్రోలు, పోయే రోజు కలిపితేనే మోయలేనిదవుతుంది. పైగా బ్రేకు పట్టని బండిని అంత దూరం నడపాలి! అందుకే మొదటిసారి షెడ్డులో మెకానిక్ పక్కనే నిలబడి పని నేర్చుకున్నాను. "అన్నా, ఒకవైపే విప్పు. స్ప్రింగు ఎటు పెట్టాలో రెండోవైపు చూస్తే తెలుస్తుంది" అన్నాడు. ఇప్పటికీ అలాగే చేస్తాను.

మిగిలిన కూలి డబ్బు సామానుకే పోతుంది, పోవాలి కూడా. పాత షూలకు కొత్త లైనర్లు అతికించి ఇచ్చే చౌక బేరం నేను ఒప్పుకోను. ఘాట్‌లో లైనర్ ఊడితే ఏ లెక్కా మిగలదు. షూలు రెండు చక్రాలకూ ఒకేసారి కొంటాను. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం పాత బండ్లవాళ్లకు మేలు చేసింది. వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తి చూస్తే తడి కనిపించిందా, సిలిండర్ కూడా మార్చాల్సిందే. లేకుంటే కారిన ఆయిల్ కొత్త షూలను పాడుచేస్తుంది. డ్రమ్ములో గాడులు పడితే లేత్‌కు ఇస్తాను. డ్రమ్ము మీద ముద్రించిన గరిష్ఠ వ్యాసం దాటితే కొత్తది కొంటాను.

జాకీ స్టాండ్ల మీద పెట్టిన డబ్బు అన్నిటికంటే సరైన ఖర్చు. డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేకు వదలాలి కాబట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాకే బండి లేపుతాను. డ్రమ్ములోని పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఎప్పుడూ పానా పట్టనివాళ్లు తెలిసిన మనిషి పక్కన లేకుండా ఈ పనికి దిగకండి. సిలిండర్ మార్చాక లైనులో గాలి తీయడం రాకపోతే, ఆ ఒక్క పనికి కూలి ఇచ్చి చేయించండి. పనయ్యాక ఘాట్ ఎక్కే ముందు, ఊళ్లోనే చదును రోడ్డు మీద నెమ్మదిగా నడిపి బ్రేకు నొక్కి చూసుకోండి.