75 గుర్రాల పడవ

పట్టిసీమలో పుట్టినవాడికి పడవ కొత్తేమీ కాదు. శివరాత్రికి జనంతోపాటు ఇసుక తిన్నెలమీద నడిచి, మిగిలిన పాయను పడవమీద దాటి, దేవకూట పర్వతం మెట్లెక్కి వీరభద్రస్వామినీ భావనారాయణస్వామినీ దర్శనం చేసుకోవడం మాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఉన్నదే. అయితే ఆ పడవల్లో కూర్చున్నవాడికి పనేమీ ఉండదు. నడిపేవాడు నడుపుతాడు, మనం నీళ్లలో చెయ్యి పెట్టి అమ్మచేత చీవాట్లు తింటూ ఉంటాం. సొంతంగా ఒక పడవ, అందులోనూ నీళ్లమీద పరుగులు తీసే స్పీడు బోటు కొని, నడపడం నేర్చుకోవాలన్న కోరిక నాకు యాభై దాటాక పుట్టింది. కోరికలకు వయస్సుతో నిమిత్తమేముంది!

2022 నవంబరులో, కోనసీమలో ఒక విహారకేంద్రంవారు తమ పాత బోటు అమ్మేస్తున్నారని తెలిసింది. ఫైబరుతో చేసిన 16 అడుగుల బోటు. దాని వెనక యమహావారి 75 గుర్రాల అవుట్‌బోర్డు ఇంజను. అంటే పడవ కడుపులో కాకుండా, వెనక చెక్కకు బయట వేలాడే ఇంజనన్నమాట. ఈ రకం ఇంజన్లను జనంలోకి తెచ్చినవాడు అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన. 1909లో వ్యాపారం మొదలుపెట్టాడు. అంతకు ముందొక వేసవిలో, కాబోయే భార్య అడిగిందని సరస్సు దాటి ఐస్‌క్రీం కొని, తెడ్డు వేసుకుంటూ తిరిగొచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందట. ఆ కసితోనే ఇంజను తయారుచేశాడంటారు. ఈ కథ మా ఆవిడకి చెప్పాను.

"మనింట్లో ఫ్రిజ్జు బాగానే ఉందిగా?" అంది.

పాత పడవ కొనడం పాత ఎద్దును కొనడంలాంటిదే. పళ్లు చూడాలి, నడక చూడాలి, అమ్మేవాడి మాటలు మాత్రం వినకూడదు. కాకినాడలో జాలర్ల బోట్లకు ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ నొకరిని వెంటబెట్టుకుపోయాను. ఆయన ముందు ఇంజను వంకైనా చూడలేదు. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టు, స్క్రూడ్రైవరు పిడితో బోటు ఒళ్లంతా టకటకా కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా మోగినచోట ఫరవాలేదు. బొదబొదమన్నచోట పొరలు విడి లోపల నీరు పట్టినట్టు. తరవాత ఇంజనును రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు. అది తగిలించిన వెనక చెక్క కదిలితే లోపల కుళ్లిందన్నమాట. అలాంటి బోటు ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదట. అడుగున గేరు ఆయిలు కాస్త వంచి చూశాడు. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగినట్టు. మాది నల్లగానే ఉంది. చివరికి స్టార్టు చేయించి, పక్కనుంచి సన్నని ధారగా నీళ్లు చిమ్ముతున్నాయో లేదో చూశాడు. నదిలో నీటినే పీల్చుకుని ఇంజను తన వేడి చల్లార్చుకుంటుంది. ఆ నీటిని తోడే చక్రం రబ్బరుది. "సముద్రంలో ఉప్పు తింటుంది, గోదాట్లో ఇసక తింటుంది. ఏటా మార్చుకోండి" అన్నాడు. కొత్తదాని ఖరీదులో మూడోవంతుకు బేరం కుదిరింది. కాగితాల సంగతికొస్తే, 1917 నాటి పాత చట్టం పోయి 2021లో లోతట్టు నౌకలకు కొత్త చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, తనిఖీ అంటూ నేను తిరిగిన తిరుగుళ్లు రాస్తే అదొక సీరియల్ అవుతుంది.

మా ఆవిడ పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. "కచ్చులూరు గుర్తుందా?" అని మాత్రం అంది.

గోదావరి ఒడ్డువాళ్లెవరికి గుర్తులేదు? 2019 సెప్టెంబరు 15న, గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరి 70 మందికి పైగా జనంతో పాపికొండలు చూడబోయిన లాంచీ, వరద నీటిలో కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 40 మందికి పైగా చనిపోయారు. కాకినాడనుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి అక్టోబరులో దాన్ని పైకి తీసేదాకా, ఈ జిల్లాల్లో అన్నం సహించినవాళ్లు తక్కువ. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. "సరంగు తాతగారు మీకు వచ్చిందన్నరోజున నేను ఎక్కుతాను. అంతవరకూ పిల్లల్ని దాని ఛాయలకు రానివ్వను."

సరంగు తాత అంటే మా రేవులో అందరికీ తెలుసు. రాజమండ్రి, భద్రాచలం మధ్య లాంచీలు తిరిగే రోజుల్లో చక్రం పట్టిన మనిషి. ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. రోడ్లు వచ్చి ఆ లాంచీలు పోయాయి. ఎగువన పోలవరం దగ్గర 48 గేట్ల స్పిల్‌వే లేచి, 2021 జూన్‌నుంచి గోదావరి దాని గుండానే ప్రవహిస్తున్నది గనుక, పట్టిసీమనుంచి పాపికొండలకు నేరుగా దారే లేదు. తాతకు తెలిసిన నది సగం ఆ గేట్ల అవతల ఉండిపోయింది.

బోటు చూసి ఆయన చుట్టూ తిరిగాడు. "గుర్రాలెన్నండి బాబుగారూ?" అన్నాడు.

"75, తాతా."

"ఆయ్! మా లాంచీకి కూడా అన్ని లేవండి" అని, మర్నాడు నన్ను ఎక్కించింది మాత్రం నాటు పడవలో. చేతికి గెడ ఇచ్చాడు. వారంరోజులు అదే పాఠం. గెడ దించడం, లోతు చెప్పడం, మళ్లీ దించడం. తరవాత దించకముందే చెప్పమన్నాడు.

"నీరు గలగలా మాటాడుతోందంటే కింద ఇసక పైకొచ్చినట్టండి. మాటామంతీ లేకండా నల్లగా పోతోందంటే అక్కడ లోతు. మలుపులో బయటిగట్టు కోసుకుపోద్ది, లోపలిగట్టున మేట వేస్తది. మీరెప్పుడూ కోతకేసి ఉండాల."

"మరి పోయినేడు తెలిసిన పాయ?"

"పోయినేడుతోనే పోయిందండి."

నిజమే. ఆ జులైలోనే భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు చేరింది. 1986 నాటి మహావరద 75.6 తరవాత అంత నీరు అక్కడ చూడలేదు. అంత వరద వెళ్లాక కింద మేటలన్నీ తావులు మారాయి. సెల్‌ఫోనులో పటం ఉందికదా అని దాన్ని నమ్ముకుని పోతే, అందులో నీలంగా కనిపించినచోట కొంగలు నిలబడి ఉన్నాయి!

ఎనిమిదోరోజున ఇంజను తిప్పనిచ్చాడు. కారు నడిపినవాడికి బోటు తలకిందుల విద్య. కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి. బోటు వెనకనుంచి తిరుగుతుంది. ముక్కు కుడికి పోతూంటే తోక ఎడమకు విసురుతుంది. రేవులో ఎడమవైపున ఎవరి పడవ ఉన్నా దాని గతి ఇంతే సంగతులు. బ్రేకు లేదు. రేజు తగ్గిస్తే పంకా నెట్టే బలం పోయి స్టీరింగూ మొద్దుబారుతుంది. అందుకని రేవుకు ఎప్పుడూ ఏటికి ఎదురుగా రావాలి. అప్పుడు ప్రవాహమే మనకు బ్రేకు.

వీటన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. రేజు పెంచుతూ పోతే మొదట ముక్కు ఆకాశంలోకి లేస్తుంది, ఎదుట ఏమీ కనిపించదు. ఇంకా పెంచితే బోటు హఠాత్తుగా తేలికపడి, నీటిలో దిగి ఉండటం మాని నీటిమీద జారుతుంది. అప్పుడు దానికి కావలసిన లోతు చాలా తక్కువ. ఎదుట మేట కనిపించగానే ఎవరికైనా వేగం తగ్గించాలని తోస్తుంది. అలా చప్పున తగ్గిస్తే బోటు మళ్లీ నీళ్లలో కూలబడి, వెనకభాగం బారెడు దిగి, పంకా ఇసకలో గుచ్చుకుంటుంది. పైగా తాను రేపిన అలే వెనకనుంచి వచ్చి లోపలికి దూకుతుంది. అలాగని వేగంతోనే మేటమీదికి పోతే ఇక చెప్పేదేముంది? మరి ఉపాయం?

"ఆ చోటికి రాకండా ఉండటమేనండి" అన్నాడు తాత. "నూరుబారల ముందే నీటి రంగు చూసుకోవాల. మా లాంచీకి ఆలోచించుకునే టైముండేది. దీనికి లేదు. కాబట్టి మీ కన్ను దీనికన్నా ముందు పరిగెత్తాల."

నీటి వేగంలో ప్రపంచ రికార్డు ఈనాటికీ ఆస్ట్రేలియావాడు కెన్ వార్బీదే. 1978లో గంటకు 511 కిలోమీటర్లు, అదీ ఇంటి పెరట్లో కట్టిన బోటుకు, మిలిటరీవాళ్లు అమ్మేసిన పాత జెట్ ఇంజను తగిలించి! నేను 50 దాటితేనే కంట నీళ్లు తిరిగాయి. తాత మాత్రం తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని, "ఇంకొంచెం పెంచరా?" అన్నాడు. ఆ ముఖంలో పదేళ్ల కుర్రవాణ్ణి చూశాను.

హద్దులు ఆయనే గీశాడు. ఎగువకు, గేట్లు కనుచూపుమేరలో ఉండగానే వెనక్కి తిరగాలి. కుడిగట్టున పట్టిసీమ ఎత్తిపోతల దగ్గరికి పోగూడదు. అక్కడ 24 పంపులు 8,500 క్యూసెక్కుల నీటిని తోడి కాలవలో వేస్తాయి, ఆ నీరు కృష్ణదాకా పోతుంది. వరద కాలంలో బోటు గట్టుమీదే. చీకటి పడితే బోటు గట్టుమీదే. ఇంజను స్విచ్చుకు తగిలించిన ఎర్ర తాడు మణికట్టుకు కట్టుకోకుండా తాళం తిప్పితే, ఆయన దిగి వెళ్లిపోతాడు. నడిపేవాడు నీళ్లలో పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. లేకపోతే మనిషి లేని బోటు గుండ్రంగా తిరుగుతూ పడినవాడి మీదికే వస్తుంది.

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లాక ఒకనాటి ఉదయం, తాత మా ఇంటికి వచ్చి, "అమ్మగారూ, ఇక రావొచ్చండి" అన్నాడు.

మా ఆవిడ లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ రెండేసిసార్లు లాగి చూసుకుని రేవులోకి దిగింది. నా మణికట్టు తాడు చూసింది.

"మీరు పడితే ఇంజను ఆగుతుంది. బాగుంది. నేను పడితే?"

"తమరు పడితే బాబుగారు ఆపుతారండి" అన్నాడు తాత.

"అంత నమ్మకమా తాతగారూ?"

"నమ్మకం కాదండి. రెండు నెలలబట్టి చూస్తన్నానండి."

ఆవిడ కాసేపు ఆలోచించింది. తరవాత చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బోటెక్కి, నా పక్క సీటు ఖాళీగా ఉన్నా, పోయి తాత పక్కన కూర్చుంది.