నూటికి 72 అంటే ఎవరికి?

ఈరోజు పంట సంగతి కాదు. మా ఇంటి ఆడబిడ్డల సంగతి. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. మీ ఇంట్లో ఆడోళ్ళకు కూడా చదివి వినిపించండి.

మా మేనత్తను కుప్పానికి ఇచ్చినారు. అండాశయ క్యాన్సర్‌తో పోయింది. ఆమె పెద్ద కూతురు పుంగనూరులో ఉంటుంది. పోయినేడు ఆమెకు 41 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్ అని తేలింది. తల్లి సంగతి విని డాక్టరు జన్యు పరీక్ష రాసినాడు. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉందని వచ్చింది. ఆ జన్యువు అందరికీ ఉంటుంది. కణంలో దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేయడం దాని పని. లోపం ఉంటే ఆ రిపేరు సరిగా జరగదు.

చిన్న మరదలికి 34 ఏళ్ళు. జబ్బేమీ లేదు, కానీ ఆమెకూ అదే లోపం వచ్చింది. "నూటికి 72 అంట బావా, ఇంక నా పని అయిపోయినట్టే" అని ఫోన్‌లో ఏడ్చింది.

ఆ 72 ఎక్కడిదంటే, 2017లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఇట్లాంటి లోపం ఉన్న దాదాపు పదివేల మంది ఆడోళ్ళను చూసినారు. బీఆర్‌సీఏ1 అయితే 80 ఏళ్ళలోపు నూటికి 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ రావచ్చని తేల్చినారు. బీఆర్‌సీఏ2 అయితే 69, 17.

మన మదనపల్లె మండీ రేటు పొద్దున్నే ఫోన్‌లో వస్తుంది. మన క్రేట్లకు అదే రేటు పడుతుందా? కాయ సైజు, రంగు, గట్టితనం చూసినాకే మన రేటు. 72 కూడా అట్లాంటి సగటే. పైగా అది 80 ఏళ్ళ వరకు కలిపిన లెక్క. వచ్చే పదేళ్ళకు ఎంత అని అడిగితే అంకె బాగా తగ్గుతుంది.

ఎవరి లెక్క వాళ్ళకు కట్టడానికి కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు క్యాన్‌రిస్క్ అని ఒకటి తయారుచేసినారు. వయసు, ఇంట్లో ఎవరికి ఏ వయసులో వచ్చింది, ఎంతమంది బిడ్డలు, ఎత్తు, బరువు, రొమ్ము సాంద్రత అన్నీ అడుగుతుంది. అది డాక్టర్ల కోసం చేసింది. ఎక్కువగా ఐరోపా ఆడోళ్ళ వివరాలతో కట్టింది కాబట్టి మనోళ్ళకు అచ్చంగా సరిపోతుందని అనుకోకూడదు. డాక్టరు పక్కన ఉండి చెప్పాల్సిందే.

బంధువుల్లో సగం మంది "అన్నీ తీయించెయ్" అన్నారు, సగం మంది "దేవుడి మీద భారం వెయ్" అన్నారు. మరదలు రెండూ వినలేదు. డాక్టరుతో కూర్చుని తన లెక్క తాను చూసుకునింది. ఏడాదికోసారి ఎమ్మారై, రెండో బిడ్డ, 40 లోపు అండాశయాల ఆపరేషన్. ఇది ఆమె దారి. ఇంకొకరిది వేరే కావచ్చు.

ఇప్పుడు మగోళ్ళు వినండి. ఇది తల్లి వైపు నుంచే వస్తుందనుకుంటాం. తండ్రి నుంచి కూడా అంతే వస్తుంది. మేనత్తకు ఉండిందంటే మా నాయనకు ఉండే అవకాశం సగం, నాకు పావు, నా కూతురికి అందులో సగం. భూమి పంపకం మాదిరి ముక్కలుగా రాదు. వస్తే మొత్తం వస్తుంది, లేదంటే అసలు రాదు. మా నాయన లేడు. అందుకే నేను రక్తం ఇచ్చినా. రిపోర్టు రావాల. నాకు లేకుంటే నా నుంచి బిడ్డకు పోయే దారే ఉండదు.

భయపెట్టడానికి కాదు ఇదంతా. రొమ్ము క్యాన్సర్లలో ఇట్లా వంశంలో వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. కానీ చిన్న వయసులోనే వచ్చినా, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా అడగాల్సిందే.

పుంగనూరు దూడను కొనేటప్పుడు తల్లి ఏది, ఎద్దు ఎవరిది అని తరాలు అడుగుతాం. మన జేజి దేంతో పోయిందంటే "కడుపునొప్పితో" అంటాం. సంబంధాలు చెడిపోతాయని దాస్తాం. ఈ రాత్రికి ఒక నోటుబుక్కు తీయండి. అమ్మ వైపు, నాయన వైపు, ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందో రాయండి. డాక్టరు మొదట అడిగేది అదే.