నిద్ర పట్టని రాత్రి మీరేం జేస్తరు?



ఇది రాసే టయానికి రాత్రి రెండు దాటింది. కరెంటు కోసం లేవలేదు, పందుల కావలికి పోలేదు. నిద్ర రాలేదు, అంతే. ఫోన్ల కాదు, నోటుబుక్కుల రాస్తున్న. పొద్దుగాల మా చిన్నోడు దీన్ని ఫోన్లకు ఎక్కిస్తడు. ఫోన్ ఎందుకు పట్టుకోలేదో కింద చెప్త.

మీలో ఎంతమందికి ఇట్లుంటదో గని, మన ఊరి వాట్సాప్ గ్రూపు పొద్దుగాల తెరిచి చూస్తే రాత్రి రెండింటికి, మూడింటికి ఎవలో ఒకలు మెసేజీ పెట్టే ఉంటరు. అంటే ఒక్కన్నే కాదన్నట్టు. అందుకే ఈ ముచ్చట. జర పొడుగుంటది, తీరిక చూసుకొని చదువుండ్రి.

మనకు రాత్రి మేలుకొనుడు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా బాపు మక్కచేన్ల మంచె మీద పండుకుంటుండె. నేను కూడ వెంబడి పోతుంటి. పందులు వస్తే డబ్బా కొట్టుడు, ఒర్రుడు. రాకపోతే చుక్కలు చూసుకుంట కూసునుడు. మాకు గడియారం లేదు. సంక్రాంతి దినాలల్ల గొల్లకావడి పడమటి దిక్కు చెట్ల కొసలకు దిగిందంటే నాలుగు కావస్తున్నట్టని బాపు చెప్పేటోడు. పిల్లలకోడిల ఎన్ని చుక్కలున్నయో లెక్కపెట్టమనేటోడు. నేను ఆరు అంటే, సరిగ్గ చూడుమనేటోడు. మళ్ల లెక్కపెట్టుకుంటనే నిద్రపోయేటోన్ని. అది నన్ను పండుకోబెట్టే ఉపాయమని నాకు పిల్లలు పుట్టినంక గని తెల్వలేదు.

తర్వాత పసుపు ఉడకబెట్టే రాత్రులు. ఇప్పుడు బాయిలర్ బండి వచ్చి ఒక్క రోజుల తేల్చిపోతున్నది గని, అప్పుడు కడాయిల ఉడకబెడితే దినాల కొద్ది పని. కళ్లం కాడ మంట ఆరకుండ చూసుకోవాలె. ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు కూసుండి ముచ్చట్లే ముచ్చట్లు. నేల మీద బొగ్గుతోటి గీతలు గీసి పులి-మేక ఆడుతుంటిమి. ఒగ్గు కథ ఎక్కడన్న ఉన్నదంటే చాలు, తెల్లార్లు అక్కడనే. బీరప్ప కథ, మల్లన్న కథ ఎన్నిసార్లు విన్నా మళ్ల మొదటిసారి విన్నట్టే కూసునేటోళ్లం.

ఇగ రాత్రి కరెంటు ముచ్చట మీకు చెప్పేదేమున్నది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు విడతల కరెంటే కద. పగలు కొంచెం, రాత్రి కొంచెం. ఏ నడిరాత్రి వస్తదో తెల్వక మోటారు కాడనే గొంగడి పరుచుకొని పండుకునేది. కరెంటు రాంగనే మూడు బోర్ల కాడికెళ్లి మూడు కేకలు. "ఓ బావా, వచ్చిందా?" "వచ్చింది గని ఒక ఫేజు లేదు!" ఒక మడి నిండేదాక ఇంకో మడి కాడ కూసుండి బీడీ తాగుడు.

ఆ రాత్రులు మంచివని నేను అంటలేను. తడి చేతులతోటి స్టార్టర్ ముట్టి పోయినోళ్లు ఉన్నరు. పాము కరిచి పోయినోళ్లు ఉన్నరు. కట్లపాము తిరిగేదే రాత్రి పూట, అది కరిస్తే నొప్పి కూడ పెద్దగ తెల్వదు. అందుకే ఇప్పటికి కూడ రాత్రి చేనుకు పోవాలంటే బూట్లు, టార్చి లేకుండ అడుగు బయట పెట్టకుండ్రి. గని ఒక్క మాట. అప్పుడు మేలుకున్నందుకు ఒక పని ఉండె, పక్కపొంటి ఒక మనిషి ఉండె. ఇంటికొచ్చి ఇంత సల్ల తాగి ఒరిగితే రాయి పడ్డట్టు నిద్ర పడుతుండె.

ఇంట్ల ఫ్యాను కింద, మెత్తటి పరుపు మీద నిద్ర పట్టకపోవుడు వేరే. అది నాకు రెండేండ్ల కింద మొదలైంది.

మూడు బోర్లు ఏసిన. మొదటి దాంట్ల దుమ్ము లేచింది. రెండో దాంట్ల తడి మట్టి వచ్చి ఆశ పెట్టి ఆగింది. మూడో దాంట్ల రెండించుల నీళ్లు పడ్డయి, ఎండకాలం రాంగనే అవి కూడ పోయినయి. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన. మొత్తం 2,40,000. ఇంట్ల నేను చెప్పింది మాత్రం 80,000. మిగిలింది కడుపుల పెట్టుకున్న.

ఆ దినాలల్ల రాత్రి ఎట్ల గడిపేటోన్నో చెప్త. నవ్వకుండ్రి, మీరు కూడ చేసే ఉంటరు. దుప్పటి కప్పుకొని ఫోన్ చూసుడు. డ్రాగన్ ఫ్రూట్ పెట్టి లక్షలు సంపాదించిన రైతు, చందనం చెట్లతోటి కోట్లు, కడక్‌నాథ్ కోళ్లు. ఎకరానికి పది లక్షలు అని చెప్పే వీడియో రాత్రి రెండింటికి చూస్తే నమ్మబుద్ధయితది. అదే వీడియో పొద్దుగాల చూస్తే నవ్వొస్తది. ఫోన్ పక్కకు పెడితే ఇగ లెక్క మొదలు. నూటికి రెండు, 2,40,000కు నెలకు 4,800. ఏడాదికి 57,600. ఎన్ని రాత్రులు గుణించినా అంతే వచ్చింది. నాలుగు దినాలు క్వార్టర్ తాగి కూడ చూసిన. పండుకోంగనే నిద్ర పట్టేది, మూడింటికి నెత్తి పట్టుకొని లేచేది. అప్పు అట్లనే ఉండె, క్వార్టర్ పైసలు మీదికెళ్లి కలిసినయి.

మా ఇంటామె బీడీలు చుడుతది. మా దిక్కు ఇంటింటికి చాట ఉంటదని మీకెరుకే. మొదలు తొమ్మిదింటికి చాట పక్కకు పెట్టేది. తర్వాత పదకొండు, తర్వాత పన్నెండు. వెయ్యి బీడీల లెక్క అందకనో, నాలుగు పైసలు ఎక్కువ వస్తయనో చుడుతున్నదనుకున్న. నేను పండుకున్నట్టు ముసుగు పెట్టుకొని ఉంటుంటి.

ఒకనాడు రాత్రి ఒంటిగంటకు పశువుల కొట్టానికి పోదామని లేచిన. లేగదూడ కాడ కూసుంటే జర మనసు నిమ్మళమయితది నాకు. అర్ర దాటుతుంటే ఆమె తల ఎత్తకుండనే అన్నది: "ఏమయ్యా, ఉత్తగ తిరుగుడెందుకు, కూసుండి ఆకన్న కత్తిరియ్యి."

కూసున్న. కత్తెర, అచ్చు నా ముందర పెట్టింది. నానబెట్టిన తునికాకు, బట్టల చుట్టి ఉన్నది. అచ్చు పెట్టి కత్తిరించుడు చూస్తే అలకగనే ఉంటది గని చెయ్యి తిరగాలె. పది ఆకులు ఖరాబు చేసిన. ఆమె ఏమనలేదు. చేతులకు పని ఉండి, కండ్లు ఆకు మీద ఉండి, ఒకల మొఖం ఒకలం చూస్తలేము. అప్పుడు నా నోట్లకెళ్లి మాట దానంతట అదే బయటికొచ్చింది. "ఎనబై కాదు. రెండు లక్షల నలభై."

ఆమె చేతుల ఉన్న బీడీ ఆపలేదు. చుట్టింది, మూతి మడిచింది, దారం కట్టింది, చాటల ఏసింది. అప్పుడన్నది: "నాకెరుకే. బతుకమ్మ పండుగకే తెల్సింది. నువ్వు చెప్తవని చూస్తున్న."

"మరి అడగకపోతివి?"

"అడిగితే అబద్ధం చెప్పేటోనివి."

నాలుగు నెలల సంది ఆమెకు కూడ నిద్ర లేదన్నట్టు. ఒక్క ఇంట్ల ఇద్దరం, ఒకలకు తెల్వకుండ ఒకలం మేలుకొని ఉన్నం. ఆ చాట నిండుడు పైసల కోసం కాదు, నిద్ర రాక.

ఆ రాత్రితోటి అంతా సాఫైందని అనుకోకుండ్రి. తెల్లారి రెండు దినాలు నాతోని మాట్లాడలేదు. మూడో దినం బియ్యం డబ్బా వెనుకకెళ్లి సంఘం పాసుబుక్కు తీసింది. సంఘంల ఒక లక్ష లోను తీసింది, దాని వడ్డీ బయటి వడ్డీల సగం కూడ లేదు. బర్రెను 60,000కు అమ్మినం. ఆ బర్రె పోయిన నాడు ఆమె ఏడ్సింది, నేను కొట్టంల నిలబడ్డ. బయటి అప్పు 80,000కు దిగింది. నెల వడ్డీ 4,800 పోయి 1,600 అయింది. ఇప్పటికీ కడుతున్న. గని 1,600 అనే లెక్క రాత్రి మనిషిని లేపదు.

నా పొరపాటు ఇంకోటి చెప్త, మీకు పనికొస్తది. బ్యాంకుల పంట రుణం 3 లక్షల దాక 7 శాతం వడ్డీకే ఇస్తరు. గడువు లోపట కడితే ఇంకో 3 శాతం తగ్గుతది, అంటే 4 శాతమే పడుతది. లక్షకు ఏడాదికి 4,000. రెండు రూపాయల వడ్డీ అంటే అదే లక్షకు 24,000. నేను గడువుకు రెన్యువల్ చేయించుకోక ఆ రాయితీ పోగొట్టుకున్న. రాత్రి వంద సార్లు గుణించిన మనిషిని, పగటిపూట ఒక్కసారి బ్యాంకుకు పోలేదు. మీరు గడువు తారీఖు గోడ మీద రాసుకోండ్రి.

సర్కారు దవాఖానకు కూడ పోయిన. డాక్టరమ్మ మొదలు షుగరు, బీపీ చూసింది. రాత్రి ఊకె ఒంటికి లేస్తుంటే షుగరు చూపించుకోవాలన్నది. పొద్దూకినంక చాయ బంద్ పెట్టుమన్నది. మందు తాగితే నిద్ర వచ్చినట్టే వచ్చి నడిరాత్రి ఇరుగుతదన్నది, అది నాకు ఆమె చెప్పకముందే ఎరుకే. పడుకున్నంక ఇరవై నిమిషాల దాక నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లకు, లేచి ఇంకో కాడ కూసుండి చిన్న పని ఏదన్న చేసుకో, నిద్ర వస్తేనే పక్క మీదికి పో అన్నది. ఫోన్ మాత్రం పట్టకు అన్నది. అందుకే ఈ నోటుబుక్కు.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. పల్లికాయ ఉంటే ఒలుస్త. చింతపండు కాలంల గింజ తీస్త. తాడు పేనుత. మనసుల తిరిగే లెక్క ఉంటే కాగితం మీద రాసి మూత పెడుత, పొద్దుగాల చూద్దామని.

ఇంకోటి కూడ చేసుకున్నం. నా బోరు పక్క బోరు బావ, నేను ఒక మాట అనుకున్నం, ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యాలె, ఎత్తాలె అని. పోయిన యాసంగిల ఒకనాడు రాత్రి మూడింటికి ఫోన్ చేసిండు. "మక్కకు యూరియా ఎన్నడేస్తున్నవు?" అని అడిగిండు. మూడింటికి యూరియా కోసం ఎవలు ఫోన్ చేస్తరు? నేను ఏమైందని అడగలేదు. యూరియా ముచ్చటే అరగంట మాట్లాడిన. తెల్లారి వాళ్లింటికి పోయి చాయ తాగిన. అప్పుడు చెప్పిండు అసలు సంగతి. అది ఆయన సంగతి, ఇక్కడ రాయను. గని ఫోన్ ఎత్తినందుకు నాకు ఇప్పటికీ నిమ్మళం.

అట్ల ఎవలు లేరనుకుంటే 14416 నంబరు ఉన్నది. టెలీ మానస్ అంటరు, సర్కారుదే, పైసలు పడయి, 24 గంటలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు. నంబరు ఫోన్ల పెట్టుకోండ్రి. మీకు అక్కర పడకపోతే పక్కోనికి పడుతది.

మూడు కావస్తున్నది. తూర్పు దిక్కు జర మబ్బున్నది, పసుపు కళ్లంల ఉన్నది, బహుశా నా నిద్ర దానికే పోయింది. పరదా అయితే మాపటికే కప్పిన. మా ఇంటామె పండుకున్నది. ఈసారి నిజంగనే పండుకున్నది. తేడా ఇప్పుడు నాకు తెలుస్తది.

మరి మీరేం జేస్తరో చెప్పుండ్రి. అంతకన్న ముందు మీ ఇంట్ల పక్క మంచం మీద ఉన్నోళ్లు నిద్రపోయిన్రా, మేలుకొని ఉన్నరా, ఒక్కసారి అడగుండ్రి.