ఏం జబ్బుతో పోయారంటే...

మా పుట్టిల్లు ఉదయగిరి వైపు, మెట్టినిల్లు ఆత్మకూరు. రెండూ నెల్లూరు జిల్లా మెట్టలోవే. అయినా రెండిళ్ళ జబ్బులు వేరండీ. అక్కడ మా పెద్దవాళ్ళకి మడతపడని మోకాళ్ళు, తిరగని మెడ. ఇక్కడ అత్తగారి వైపు బీపీ. మామగారు యాభై తొమ్మిదో ఏట పక్షవాతం వచ్చి మూడో రోజు పోయారు.

ఎవరిని అడిగినా ఒకటే జవాబు, "వయసైపోయింది" అని. యాభై తొమ్మిది ఏం వయసు?

తమ్ముడు మా ఇంటి బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు రెండు మిల్లీగ్రాములు దాటింది. 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సరేనంటారు. రాళ్ళలోని ఫ్లోరైడ్ నీళ్ళలో కరిగి, ఏళ్ళ తరబడి ఒంట్లో చేరి ఎముకల్ని, కీళ్ళని బిగించేస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు. మన దేశంలో ఈ జబ్బు గురించి డాక్టర్లు తొలిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే.

అమ్మకి చెబితే, "కాంచుకోని తాగతాలేమే" అంది. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మోకాళ్ళు మనిషిని చంపవు కాబట్టి చావు లెక్కల్లోకి ఎక్కవు. ఇంట్లో పోయినవాళ్ళకి కారణం రాసే డాక్టరూ ఉండడు. అందుకే 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ఇంటింటికీ వెళ్ళి అడిగారు: చివరి రోజుల్లో ఆయాసం వచ్చిందా, చెయ్యి పడిపోయిందా, జ్వరమెన్నాళ్ళు అని. ఏడాదిలో పోయిన 1,354 మందిలో సుమారు మూడోవంతు గుండెజబ్బు, పక్షవాతం వల్లేనని తేలింది. పల్లెల్లో అంటురోగాలే ఎక్కువనుకునేవాళ్ళం కదా!

అలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పగలిగేది ఎవరు? పక్కనుండి గంజి తాగించినవాళ్ళు, పక్కబట్టలు మార్చినవాళ్ళు. అంటే మనమే.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టాను. రెండిళ్ళలో ఎవరు, ఏ వయసులో, ఏ బాధతో పోయారో రాస్తున్నాను. మామగారి పేజీ చూశాక మా ఆయన నెలనెలా బీపీ చూపించుకుంటున్నారు, ఊరగాయ తగ్గించారు. అమ్మకి తాగడానికీ వంటకీ ప్లాంటు నీళ్ళ క్యాను వేయిస్తున్నాం. "కొనుక్కోని తాగే కర్మేందిమే" అని రోజూ గొణుగుతుంది. గొణగనీండి, తాగుతోంది కదా.

మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. వాళ్ళు పోయాక చెప్పేవాళ్ళుండరు.